లేఖనాన్ని అక్షరాల కుప్ప చేయకండి

వేదిక మీద పెద్ద తెర. తెర నిండా గళ్ళు, గడికో హెబ్రీ అక్షరం, కొన్ని గళ్ళ చుట్టూ ఎర్ర గీతలు. ఇదిగో ఇక్కడ ఫలానా నాయకుడి పేరు, దాన్ని అడ్డంగా కోస్తూ అతను చనిపోయిన సంవత్సరం, వేల ఏళ్ళ కిందటే దేవుడు దాచిపెట్టాడు అంటాడు ప్రసంగికుడు. హాలంతా హల్లెలూయా అంటుంది. తెలుగు సంఘాల్లో, యూట్యూబ్ ప్రసంగాల్లో ఇలాంటివి చూస్తూనే ఉన్నాను. ఆ అక్షరాలు చదవగలిగినవారు హాల్లో సాధారణంగా ఎవరూ ఉండరు. తెర మీద తలకిందులుగా చూపించినా పట్టుకునేవారు లేరు. సరిచూసుకునే దారి లేనివారి ముందు నిలబడి రుజువు చూపించానని చెప్పడం నాకు మింగుడుపడదు.

నేను విశ్వాసిని. బైబిలు చదువుతూ పెరిగాను. మూలంలో కొంతైనా చదవాలన్న కోరికతో హెబ్రీ అక్షరాలు దిద్దుకున్నాను. ‘బైబిలు కోడ్’ అని పిలిచే ఈ సంకేతాలను నాస్తికులు కొట్టిపారేస్తే అందులో వింత లేదు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా కాదనవలసింది లేఖనాన్ని ప్రేమించేవారేనన్నది నా వాదం. ఈ పద్ధతి లేఖనాన్ని పైకెత్తుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి దానిలోని ఒక్క వాక్యాన్ని కూడా చదవనక్కర లేకుండా చేస్తుంది.

పద్ధతి చెప్పడం తేలికే. హెబ్రీ మూలంలో మాటల మధ్య ఖాళీలు తీసేసి, ఆదికాండం మొదటి అక్షరం నుంచి ద్వితీయోపదేశకాండం చివరి అక్షరం దాకా ఒకే వరుసగా పేరుస్తారు. ఐదు కాండాలకూ కలిపి 3,04,805 అక్షరాలు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టి ప్రతి పదో అక్షరమో, ప్రతి నూటయాభయ్యో అక్షరమో, ప్రతి ఐదువేలో అక్షరమో ఏరుకుంటూ పోతారు. ముందుకూ పోవచ్చు, వెనక్కూ పోవచ్చు. ఏరినవి కలిపితే ఒక పేరు వస్తే అది సంకేతం. ఆ పేరుకు దగ్గరలో దానికి పొసగే మరో మాట దొరికితే ప్రవచనం.

హెబ్రీ లిపి ఈ పనికి చాలా అనువైనది. ఉన్నవి 22 అక్షరాలు, అన్నీ హల్లులే. అచ్చులను చదివేవారే కలుపుకోవాలి. అందువల్ల ఏ మూడు అక్షరాలు పక్కపక్కన పడ్డా చాలాసార్లు ఏదో ఒక మాటగా చదువుకోవచ్చు. యూదుల సంవత్సరాలను కూడా అక్షరాలతోనే రాస్తారు, కాబట్టి మూడు నాలుగు అక్షరాలు కలిస్తే ఒక సంవత్సరం తయారు. గుణింతాలూ ఒత్తులూ ఉన్న మన తెలుగులో ఇదే ఆట ఆడబోతే నాలుగు అడుగులు వేయకముందే ఆగిపోతుంది.

ఈ వెతుకులాటను మొదలుపెట్టినవారు మోసగాళ్ళు కారు. 13వ శతాబ్దపు స్పెయిన్ వ్యాఖ్యాత బహ్యా బెన్ ఆషెర్, ఆదికాండం మొదటి అక్షరం నుంచి 42 అక్షరాల లెక్కన ఏరితే యూదుల పంచాంగ గణనకు మూలమైన సంఖ్య వస్తుందని రాశాడు. దాన్ని చదివి ఉత్సాహపడినవాడు స్లోవాకియాకు చెందిన రబ్బీ, అంటే యూదు మత బోధకుడు, మైకేల్ డోవ్ వైస్‌మాండల్. కంప్యూటర్లు లేని రోజుల్లో చేత్తో లెక్కపెట్టాడు. ఆదికాండంలో మొదటి మాట చివర ఉన్న ‘తావ్’ నుంచి యాభైయ్యేసి అక్షరాల చొప్పున వెళ్తే వావ్, రేష్, హే వస్తాయి. నాలుగూ కలిస్తే ‘తోరా’, ఈ ఐదు కాండాలకు యూదులు పెట్టుకున్న పేరు. నిర్గమకాండంలోనూ అదే యాభై లెక్కన అదే మాట వస్తుంది. ఈ మనిషి రెండో ప్రపంచ యుద్ధంలో స్లోవాకియా యూదులను కాపాడడానికి ప్రాణాలొడ్డినవాడు. నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కు వెళ్ళే రైలు పట్టాల మీద బాంబులు వేయమని 1944లో పశ్చిమ దేశాలను బతిమాలినవాడు. భార్యాబిడ్డలను ఆ మారణహోమంలో పోగొట్టుకున్నాడు. ఆయన లెక్క గురించి ఎగతాళిగా ఒక్క మాట కూడా అనలేను. లెక్కను మాత్రం లెక్కగానే చూడాలి. ఆదికాండమంత గ్రంథంలో ఏ దూరం తీసుకున్నా ‘తోరా’ అనే నాలుగక్షరాలు సగటున రెండు మూడు సార్లు తగులుతాయి, ఎందుకంటే ఆ నాలుగూ హెబ్రీలో బాగా వాడుకలో ఉన్న అక్షరాలు. మొట్టమొదటి తావ్ దగ్గరే మొదలవడం అందంగా ఉంది, ఒప్పుకుంటాను. ఎన్ని మాటలు, ఎన్ని దూరాలు, ఎన్ని మొదళ్ళు పరిశీలించాక అది కంటపడిందన్నదే తేలవలసిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు సైన్సు పద్ధతిలో జవాబు చెబుతామని 1994లో ముగ్గురు ముందుకు వచ్చారు: డోరోన్ విట్జ్‌టుమ్, ఎలియాహు రిప్స్, యోవ్ రోసెన్‌బర్గ్. వీరిలో రిప్స్ జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో పేరున్న గణితవేత్త. లాత్వియాలో పుట్టాడు. చెకోస్లొవేకియా మీద సోవియట్ దండయాత్రను నిరసిస్తూ 1969లో రీగా నగరంలో ఒంటికి నిప్పంటించుకున్న యువకుడు ఈయనే. ముగ్గురూ కలిసి ‘స్టాటిస్టికల్ సైన్స్’ పత్రికలో వ్యాసం ప్రచురించారు. ఒక విజ్ఞాన సర్వస్వం నుంచి 32 మంది ప్రసిద్ధ రబ్బీలను తీసుకుని, వారి పేర్లూ, పుట్టిన లేదా మరణించిన తేదీలూ ఆదికాండంలోని 78,064 అక్షరాల్లో సమాన దూరాల్లో ఎక్కడ వస్తాయో చూశారు. ఎవరి పేరుకు వారి తేదీ అసాధారణంగా దగ్గరగా ఉందన్నారు. పేర్లనూ తేదీలనూ దాదాపు పది లక్షల రకాలుగా తారుమారు చేసి పోల్చి, ఇది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 50,000లో ఒక్కటేనని తేల్చారు. పత్రిక సంపాదకుడు దీన్ని పాఠకులకు సవాలు విసిరే చిక్కుముడిగానే పరిచయం చేశాడు. ‘సైన్సు ఒప్పుకుంది’ అని మన ప్రసంగికులు చెప్పేది దీని గురించే. ఐదేళ్ళ తర్వాత అదే పత్రికలో ఏమి వచ్చిందో మాత్రం చెప్పరు.

1999లో అదే పత్రికలో బ్రెండన్ మెకే, డ్రోర్ బార్-నతాన్, మాయా బార్-హిల్లెల్, గిల్ కలాయి రాసిన జవాబు వచ్చింది. మెకే ఆస్ట్రేలియా గణితవేత్త, మిగిలిన ముగ్గురూ ఇజ్రాయెల్ వారు. వీరు పట్టుకున్న కీలకం రబ్బీల పేర్లలో ఉంది. మధ్యయుగపు రబ్బీకి ఒకే పేరు ఉండదు. సొంత పేరు, తండ్రి పేరుతో కలిపిన పేరు, రాసిన గ్రంథం వల్ల వచ్చిన పేరు, మొదటి అక్షరాలన్నీ కూర్చిన పొట్టి పేరు, ముందు ‘రబ్బీ’ చేర్చినది, చేర్చనిది, పైగా ఒక్కోదానికి రెండు మూడు వర్ణక్రమాలు. ఏది జాబితాలో ఉండాలి, ఏది ఉండకూడదు అన్నది ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాలి. తేదీలు రాసే తీరులోనూ అంతే. అక్కడ కొద్దిగా అటూ ఇటూ జరిగినా ఫలితం ఎంత మారుతుందో వీరు చూపించారు. అదే రబ్బీలను తీసుకుని, పేర్ల రూపాలను మాత్రం వేరేగా ఎంచుకుని, టాల్‌స్టాయ్ ‘యుద్ధము-శాంతి’ నవల హెబ్రీ అనువాదంలోని మొదటి 78,064 అక్షరాల మీద అదే పరీక్ష నడిపారు. ఆదికాండంలో వచ్చినంత గొప్ప ఫలితం రష్యన్ నవల అనువాదంలోనూ వచ్చింది. వీరి జాబితాతో ఆదికాండంలో ఏమీ రాలేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది రాబర్ట్ ఔమాన్ ఉదంతం. 2005లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన గణితవేత్త, యూదు ధర్మాన్ని నిష్ఠగా పాటించే మనిషి. మొదట్లో ఈ పరిశోధనను ఆసక్తితో ప్రోత్సహించినవాడు. సంకేతాలను నమ్మేవారినీ, నమ్మనివారినీ, తటస్థులనూ కలిపిన సంఘం పర్యవేక్షణలో, నియమాలన్నీ ముందే రాసిపెట్టుకుని కొత్తగా పరీక్షలు జరిగాయి. ఫలితం రాలేదు. లేవని రుజువు కాలేదు గానీ ఉన్నాయనీ తేలలేదు, కాబట్టి ఇది నమ్మదగ్గది కాదన్న నా తొలి అంచనాకే తిరిగి వస్తున్నాను అని ఆయన 2004లో రాశాడు. తాను నిజం కావాలని కోరుకోదగిన విషయాన్ని పరీక్షకు పెట్టి, ఫలితానికి తలవంచాడు. మన వేదికల మీద ఇలాంటి మనిషి ఒక్కరు ఉంటే బాగుండునని అనిపిస్తుంది.

ప్రపంచమంతా వినిపించింది మాత్రం మైకేల్ డ్రోస్నిన్ పేరు. అమెరికా పాత్రికేయుడు. 1997లో ‘ది బైబిల్ కోడ్’ రాశాడు. ఇజ్రాయెల్ ప్రధాని యిత్జాక్ రాబిన్ హత్యను తాను ముందే కనిపెట్టి, 1994లో ఆయనకు లేఖ పంపించానన్నాడు. 1995 నవంబర్ 4న టెల్ అవీవ్‌లో రాబిన్ హత్య జరిగింది. ఇంకేం, పుస్తకం దేశదేశాల్లో అమ్ముడుపోయింది. రిప్స్ స్వయంగా బయటికి వచ్చి, ఈ పుస్తకాన్ని నేను సమర్థించను, సంకేతాలతో భవిష్యత్తు చెప్పడం కుదరదు అని ప్రకటించినా దాని ఊపు తగ్గలేదు.

ఆ రాబిన్ సంకేతాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ‘యిత్జాక్ రాబిన్’ అని హెబ్రీలో రాస్తే ఎనిమిది అక్షరాలు. అవి 4,772 అక్షరాల చొప్పున దూరదూరంగా ఉన్నాయి. అంటే ఒక్క పేరు కోసం 33,404 అక్షరాలు, మొత్తం ఐదు కాండాల్లో పదోవంతుకు పైగా, దాటుకుంటూ వెళ్ళాలి. ఆ పేరులోని ఒక అక్షరం ద్వితీయోపదేశకాండం 4వ అధ్యాయం 42వ వచనంలో పడుతుంది. ఆ వచనంలో ‘హత్య చేసే హంతకుడు’ అన్నట్టుగా చదవడానికి వీలైన మాటలున్నాయి. డ్రోస్నిన్ చూపించినది ఆ మాటల ముక్కనే.

మీ తెలుగు బైబిలు తీసి ఆ వచనం మొత్తం చదవండి. మోషే యొర్దాను అవతల మూడు పట్టణాలను ప్రత్యేకిస్తున్నాడు. పాత పగ ఏమీ లేకుండా, తెలియక, పొరపాటున పొరుగువాణ్ణి చంపినవాడు పారిపోయి ప్రాణం దక్కించుకోవడానికి. ఎడారి మైదానంలో బేసెరు, గిలాదులో రామోతు, బాషానులో గోలాను. ఆశ్రయపురాలు. రక్తానికి రక్తమే బదులుగా నడిచిన కాలంలో, ఉద్దేశంతో చేసిన హత్యకూ, చేయి జారి జరిగిన మరణానికీ తేడా ఉందని చెప్పిన చట్టం ఇది. ఎంత గొప్ప మాట! రాబిన్‌ను చంపినవాడు పథకం వేసుకుని, తుపాకీ పట్టుకుని వచ్చి కాల్చినవాడు. ఈ వచనం ఎవరి గురించి కాదో సరిగ్గా అలాంటివాడు. వాక్యాన్ని మధ్యకు నరికి, దాని అర్థాన్ని అవతల పారేసి, మిగిలిన ముక్కను దేవుని సందేశమని చూపించారు. నా కోపమంతా ఇక్కడే. ఈ వచనం మీద తెలుగులో నేను విన్న సంకేతాల ప్రసంగంలో ఆశ్రయపురాల ఊసే లేదు.

విమర్శకులకు డ్రోస్నిన్ ఒక సవాలు విసిరాడు: ‘మోబీ డిక్’ నవలలో ఒక ప్రధానమంత్రి హత్య గురించిన సందేశం చూపించండి, అప్పుడు నమ్ముతాను అన్నాడు. మెకే తీసి చూపించాడు, ఒకటి కాదు, ఎన్నో. ట్రాట్‌స్కీ, మార్టిన్ లూథర్ కింగ్, లింకన్, చివరికి రాబిన్ కూడా తిమింగలాల వేట నవలలో దొరికారు. అందులో మన ఇందిరా గాంధీ కూడా ఉంది. ‘ఐ గాంధీ’ అన్న అక్షరాలు సమాన దూరంలో దిగుతుంటే ‘నెత్తుటి కార్యం’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు వాటిని కోసుకుంటూ వెళ్తాయి. 1984 అక్టోబర్ 31 గురించి 1851 నాటి అమెరికా నవలాకారుడికి ముందే తెలుసని మనం అనుకోము. తోరాలో దొరికితే మాత్రం ఎందుకు అనుకోవాలి?

జరిగిపోయాక వెతికితే ఏ గ్రంథంలోనైనా ఏదో ఒకటి దొరుకుతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు బ్రహ్మంగారి కాలజ్ఞానంలో ‘కోరంకి’ అనే జబ్బు గురించి ముందే ఉందంటూ ఒక పద్యం తెలుగు ఫోన్లన్నింటిలో తిరిగింది. అంతకు ముందు ఏడాది ఆ పద్యాన్ని ఎవరూ హెచ్చరికగా ఎత్తిచూపలేదు. జరగబోయేదాన్ని చెప్పినప్పుడు డ్రోస్నిన్ గతి కూడా ఇంతే. ఆయన లెక్కల్లో అణు విధ్వంసానికి గండంగా కనిపించిన 2006 వచ్చింది, వెళ్ళిపోయింది.

మన సంఘాల్లో ఎక్కువగా తిరిగేది యేసు పేరు సంకేతం. యెషయా 53వ అధ్యాయంలో, శ్రమపడే సేవకుడి గురించిన ఆ మహత్తర భాగంలో, ఇరవయ్యేసి అక్షరాల దూరంలో వెనక్కి చదివితే ‘యేషువ నా పేరు’ అని వస్తుందంటారు. ఇది వినగానే ఒళ్ళు పులకరిస్తుంది, నాకు తెలుసు. ఇప్పుడు లెక్క చూడండి. ‘యేషువ’ నాలుగు అక్షరాలు: యోద్, షిన్, వావ్, అయిన్. హెబ్రీ పాఠంలో నూటికి పది దాకా యోద్‌లు, పది దాకా వావ్‌లు, ఐదు షిన్‌లు, నాలుగుకు కొంచెం తక్కువగా అయిన్‌లు ఉంటాయి. ఈ వంతులను గుణిస్తే సుమారు 54,000 చోట్లకు ఒకసారి ఆ నాలుగక్షరాలు ఆ వరుసలో పడతాయి. తోరా అంత పొడవున్న పాఠంలో ఒక్కో దూరానికి ఐదారుసార్లు వస్తాయన్నమాట. వెయ్యి దాకా అన్ని దూరాలూ, ముందుకూ వెనక్కూ చూస్తే పది వేలు దాటుతుంది. ఇంత పొట్టి పేరు, ఇంత తరచుగా వచ్చే అక్షరాలు, ఎక్కడ కావాలంటే అక్కడ దొరుకుతుంది. యేసును కించపరిచే మాటలను కూడా ఇదే పద్ధతిలో తీసి చూపించవచ్చు. అలా చూపించినవాడికి ఏమని జవాబు చెబుతారు?

ఇంకో చిక్కు ఉంది, అది అసలు పునాదినే కదిలిస్తుంది. ఏ పాఠంలో లెక్కపెడుతున్నారు? మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో 1947లో దొరికిన పెద్ద యెషయా గ్రంథపు చుట్ట, నేటి ముద్రణలకు ఆధారమైన 1008 నాటి లెనిన్‌గ్రాడ్ చేతిరాత ప్రతి కంటే సుమారు వెయ్యేళ్ళు పాతది. భావంలో రెండూ ఆశ్చర్యపరిచేంత దగ్గర. వర్ణక్రమంలో మాత్రం అడుగడుగునా తేడాలు, పాత చుట్టలో వావ్‌లూ యోద్‌లూ చాలా ఎక్కువ. అదే 53వ అధ్యాయం 11వ వచనంలో ‘వెలుగు’ అన్న మాట కూడా అదనంగా ఉంది. ఇరవై అక్షరాల లెక్క అక్కడ నిలవదు. చదివే వాక్యం నిలుస్తుంది. సేవకుడు మన అతిక్రమాల వల్ల గాయపడ్డాడన్న మాట రెండింటిలోనూ ఉంది.

ఈ సంగతి యూదు పండితులకు మనకంటే చాలా ముందే తెలుసు. యూదు పండితుల ధర్మచర్చలను కూర్చిన తల్ముదులో కిద్దుషీన్ భాగంలో ఒక చర్చ వస్తుంది. పూర్వపు శాస్త్రులు తోరాలోని అక్షరాలన్నీ లెక్కపెట్టేవారనీ, లేవీయకాండం 11:42లో పొట్టతో పాకే జీవుల గురించి చెప్పే మాటలోని వావ్ సరిగ్గా మధ్య అక్షరమనీ అంటారు. ఆ వావ్ మొదటి సగానికి చెందుతుందా, రెండో సగానికా అని రబ్బీ యోసేఫుకు సందేహం వస్తుంది. గ్రంథం తెప్పించి లెక్కపెడదాం అంటే జవాబు ఇది: ఏ మాటకు పూర్తి వర్ణక్రమం (వావ్, యోద్ కలిపి రాయడం), ఏ మాటకు లోప వర్ణక్రమం (అవి వదిలేయడం) అన్నది వారికి బాగా తెలుసు, మనకు తెలియదు. ఈ రోజుకీ లేఖకులు ఆ వావ్‌ను మిగతా అక్షరాల కంటే పెద్దదిగా రాస్తారు. ఇప్పటి పాఠంలో లెక్కపెడితే అసలు మధ్య అక్షరం అక్కడికి కొన్ని వేల అక్షరాల దూరంలో ఉంది. ఒక్క అక్షరం తప్పినా తోరా చుట్ట పఠనానికి పనికిరాదని నియమం పెట్టుకున్న జాతి ఇది. అంత జాగ్రత్త పడినవారే తమ లెక్క గురించి అంత వినయంగా మాట్లాడారు. యెమెన్ యూదుల చుట్టలకూ మిగతావారి చుట్టలకూ నేటికీ తొమ్మిది అక్షరాల తేడా ఉంది. చదువుకు అది తేడాయే కాదు. సంకేతాల లెక్కకు మాత్రం దారిలో ఒక్క అక్షరం పెరిగినా తరిగినా అంతా కూలిపోతుంది.

లేఖనంలో అక్షరాలతో చేసిన పని అసలు లేదా అంటే, ఉంది. యిర్మీయా 25:26లో ‘షేషకు రాజు’ వస్తాడు. షేషకు అనే దేశం ఎక్కడా లేదు. హెబ్రీలో మొదటి అక్షరానికి బదులు చివరిది, రెండోదానికి బదులు చివరి నుంచి రెండోది, ఇలా మార్చి రాసే పద్ధతి ఉంది. దాన్ని ‘అత్‌బాష్’ అంటారు. ఆ ప్రకారం ‘బాబెలు’ను మార్చితే ‘షేషకు’ అవుతుంది. ప్రవక్త దీన్ని వేల ఏళ్ళ తర్వాతి కంప్యూటర్ కోసం దాచలేదు. 51:41లో షేషకు పట్టబడిందని ఒక పాదంలోనూ, బాబెలు పాడైందని మరో పాదంలోనూ పక్కపక్కనే చెప్పి తాళంచెవి చేతిలో పెట్టాడు. నిజమైన సంకేతానికి నియమం ముందే ఉంటుంది, ఎవరు విప్పినా ఒకే జవాబు వస్తుంది. ఈ సంగతి, అక్షరానికో అంకె చొప్పున లెక్కకట్టే కటపయాది పద్ధతి తెలిసిన తెలుగువారికి వేరే చెప్పనక్కర లేదు. కర్ణాటక సంగీతంలో శంకరాభరణం రాగం పేరు ముందు ‘ధీర’ చేర్చారు. ధ తొమ్మిది, ర రెండు, తిప్పి చదివితే 29. అది 29వ మేళకర్త, అంటే మూల రాగాల వరుసలో దాని సంఖ్య. మద్రాసులో లెక్కపెట్టినా విజయవాడలో లెక్కపెట్టినా 29 తప్ప ఇంకోటి రాదు.

119వ కీర్తన తీసి చూడండి. తెలుగు బైబిల్లో కూడా ఆలెఫ్, బేత్, గీమెల్ అని శీర్షికలు కనిపిస్తాయి. 22 అక్షరాలు, అక్షరానికి ఎనిమిది వచనాలు, మొత్తం 176. ఆలెఫ్ భాగంలో ఎనిమిది వచనాలూ ఆలెఫ్‌తోనే మొదలవుతాయి. విలాపవాక్యముల్లో మొదటి నాలుగు అధ్యాయాలూ ఇలాగే అక్షరక్రమంలో కట్టినవి. యెరూషలేము కాలిపోయిన దుఃఖాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఏడ్చారు. మూడో అధ్యాయంలో అక్షరానికి మూడేసి వచనాలు. ఐదో అధ్యాయంలోనూ 22 వచనాలే ఉన్నాయి, అక్షరక్రమం మాత్రం లేదు.

ఈ విలాపాల్లోనే ఒక చిన్న విశేషం ఉంది. ఇప్పటి హెబ్రీ వర్ణమాలలో అయిన్ తర్వాత పే వస్తుంది. మొదటి అధ్యాయంలో అలాగే ఉంది. రెండు, మూడు, నాలుగు అధ్యాయాల్లో పే ముందు, అయిన్ తర్వాత. ఎవరో నకలు రాసేటప్పుడు తారుమారు చేశారని తోసిపుచ్చడం తేలిక. 1976లో ఇజ్రాయెల్‌లోని ఇజ్‌బెత్ సర్తాలో ఒక కుండ పెంకు దొరికింది. ఎవరో అక్షరాలు దిద్దుకున్న పెంకు, మూడు వేల ఏళ్ళ కిందటిది. దాని మీద పే ముందుంది, అయిన్ తర్వాత ఉంది. సీనాయి ఎడారి వైపున ఉన్న కుంతిల్లెత్ అజ్రుద్‌లో జాడీల మీద రాసిన రాతల్లోనూ అదే వరుస కనిపించింది. విలాపం రాసిన కవి తన కాలంలో కొందరు నేర్చుకున్న వర్ణమాల వరుసలోనే రాశాడు. ఆ వరుస తర్వాత వాడుకలోంచి పోయినా, నకలు రాసినవారు దాన్ని ‘సరిదిద్దకుండా’ ఇన్ని శతాబ్దాలు కాపాడారు. దీన్ని చూడడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర లేదు. హెబ్రీ అక్షరాలు నేర్చుకుని, విలాపవాక్యములు 2:16 మొదటి అక్షరమూ, 2:17 మొదటి అక్షరమూ చూస్తే చాలు.